అంగులిమాలుడు పేరు దాచుకోలేదు

 

మొన్న ఆదివారం మాదాపూర్‌లో త్రిశరణ పంచశీలాలు అయ్యాక ఒక చెల్లె లేచి అడిగింది. హైటెక్ సిటీలో క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే ఉద్యోగం ఆమెది. "అన్నా, వేళ్ల దండ వేసుకున్న అంగులిమాలుణ్ణే బుద్ధుడు సంఘంలో చేర్చుకున్నాడు కదా. మరి జపాన్ యూనిట్ 731 డాక్టర్లను వదిలేస్తే తప్పు అని ఎందుకంటాం?"

నాకు వెంటనే జవాబు తోచలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. చైనాలో హార్బిన్ పక్కన పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యం డాక్టర్ ఇషీ షిరో కింద ఆ యూనిట్ నడిపింది. ఖైదీలకు ప్లేగు ఎక్కించారు. చలిలో చేతులు గడ్డకట్టించారు. బతికుండగానే కోసి చూశారు. ఆ మనుషుల్ని 'మరుటా' అనేవాళ్లు, అంటే దుంగలు. పేరు మార్చి మనిషితనం తీసెయ్యడం ఎట్లుంటదో మన తాతలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

యుద్ధం అయ్యాక టోక్యో విచారణలో ఇషీ మీద కేసే లేదు. ప్రయోగాల సమాచారం అమెరికాకు అప్పగించి శిక్ష తప్పించుకున్నాడు. 1949లో ఖబరోవ్స్క్‌లో సోవియట్ వాళ్లు 12 మందిని విచారించి శిక్షలు వేశారు, వాళ్లలో అతను లేడు. 1959లో జబ్బుతో పోయాడు.

ఇప్పుడు అంగులిమాలుణ్ణి చూడండి. ముందు కత్తి పారేశాడు. పసేనది రాజు ముందు తానెవరో దాచలేదు. తాను ఏడిపించిన జనం ఉన్న సావత్థి వీధుల్లోనే భిక్షకు పోయాడు. రాళ్లు పడ్డాయి, తల పగిలింది, భిక్షాపాత్ర పగిలింది. ఓర్చుకో అన్నాడు బుద్ధుడు. ఇషీ మాత్రం కత్తితో సంపాదించిన దాన్నే ధరగా కట్టాడు. చచ్చినవాళ్ల ఇంటివాళ్లను ఎవరూ అడగలేదు. ఇది క్షమ కాదు, బేరం.

వచ్చే జన్మలో అనుభవిస్తాడులే అన్నారు ఒక పెద్దాయన. మనం ఆ మాట అనకూడదు. లోకంలో నీతి నిలబడేది మనుషులు చేసే పనుల వల్లనే అని బాబాసాహెబ్ చెప్పాడు. విచారణ జరపడం కూడా మనుషుల పనే.

ఆ ఘోరంతో సమానమని అనను గానీ, మన దగ్గర సంగతీ ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి దాదాపు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయించాయి. హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు చాలామంది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, అది టీకా వల్ల కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. టీకా చెడ్డదని నేనూ అనను, మీ ఆడపిల్లలకు వేయించండి. కానీ అనుమతి? 2013లో పార్లమెంటు కమిటీ బయటపెట్టిన లెక్క ఇది: 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కన్నవాళ్ల బదులు వార్డెన్ సంతకం!

చెల్లెకు ఇదే చెప్పాను. నీ స్క్రీన్ మీద మనిషి ఉండడు, నంబరే ఉంటది. ఆ నంబర్ పక్కన అనుమతి తేదీ చూడు. మందు ఇచ్చింది దానికి ముందైతే, అడుగు. సమ్యక్ ఆజీవం నీ కుర్చీలో అదే.

"అడిగితే ఉద్యోగం ఉంటదా అన్నా?" అంది.

దాని గురించే వచ్చే ఆదివారం కూర్చుందాం. ఇట్లాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే రండి.