గాంధారికి కృష్ణుడి జవాబు

1917లో అమెరికా ఇళ్ల కిటికీల్లో ఒక చిన్న జెండా కనిపించేది. సైన్యంలో చేరిన కొడుక్కి ఒక నీలి నక్షత్రం. అతడు చనిపోతే ఆ నీలం మీద బంగారు రంగు పడేది. మరుసటి ఏడు, విషాదసూచకంగా నల్లబట్టలు కట్టుకునే బదులు బంగారు నక్షత్రమున్న పట్టీ చేతికి కట్టుకోవచ్చన్న సూచనకు అధ్యక్షుడు విల్సన్ సరేనన్నాడు. 1928లో అలా కొడుకులను పోగొట్టుకున్న తల్లులే సంఘం పెట్టుకున్నారు. 1936 నుంచి ఏటా సెప్టెంబరు చివరి ఆదివారం వాళ్ల రోజు.

ఇది గౌరవమే, కాదనలేం. కానీ ఇకపై ఏమీ అడగొద్దన్న షరతు ఇందులో ఉందా?

మహాభారతం ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. యుద్ధంలో చస్తే స్వర్గమని అర్జునుడికి చెప్పిన కృష్ణుడే, స్త్రీపర్వంలో నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న గాంధారి ఎదుట నిలబడ్డాడు. ఆపగలిగీ ఎందుకు ఆపలేదని ఆమె నిలదీసింది. 36 ఏళ్లకు యాదవులు తమలో తాము కొట్టుకు చస్తారని శపించింది. సంస్కృత మూలంలో కృష్ణుడి జవాబు కటువైనది. శాపానికి చిరునవ్వు నవ్వి, తప్పు నీదేనంటాడు. నీలాంటి రాచబిడ్డ కొడుకులను కనేది చావడానికేనంటాడు. గాంధారి మాట్లాడలేదు. రాజ్యం తల్లులకు చెప్పే ఓదార్పులో ఈ మాటే ఉంటుంది, కాస్త మర్యాదగా. అయినా వ్యాసుడు కథను అక్కడ వదల్లేదు. మౌసలపర్వంలో ఆమె శాపం అక్షరాలా జరిగింది.

1930-33 మధ్య అమెరికా ప్రభుత్వం తన ఖర్చుతో ఆరువేలకు పైగా తల్లులను, మళ్లీ పెళ్లి చేసుకోని వితంతువులను ఐరోపాలోని సైనిక సమాధుల దగ్గరికి పంపింది. నల్లజాతి తల్లులకు మాత్రం వేరే ఓడలు! కొడుకు సమాధి చూసే అవకాశాన్ని కొందరు అందుకే వదులుకున్నారు. గాంధారి తోబుట్టువులు వీళ్లు.

మన దగ్గరికొస్తే, 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణలో మరణించిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మరుసటి ఏడు నవంబరులో ఆయన మహావీరచక్రను రాష్ట్రపతి నుంచి తల్లి, భార్య కలిసి అందుకున్నారు. సైన్యం కాగితాల్లో మాత్రం పెళ్లయ్యాక దగ్గరి బంధువుగా మొదటి పేరు భార్యదే. 2024లో, మరణించిన ఒక కెప్టెన్‌కు ప్రకటించిన కీర్తిచక్ర కుటుంబానికి అందిన కొద్ది రోజులకే ఆయన తల్లిదండ్రులు ఈ నిబంధన మార్చమని బాహాటంగా అడిగారు. కోడలి వాటా కోసి అత్తకు పెట్టడం న్యాయం కాదు గానీ, పతకం అందుకున్న తల్లి నోరు విప్పి అడిగితే అది కృతఘ్నత ఎలా అవుతుంది?