బిగువు సడలుట

క్రొత్త పనిముట్టు బిగువుగా నుండుట లోకసహజము. క్రొత్త చెప్పు కఱచును. క్రొత్త తాళము మొరాయించును. క్రొత్త తలుపు గడపను ఒరసికొని అఱచును. నాలుగు దినములు వాడిన పిదప అన్నియు దారికి వచ్చును. అట్లు వచ్చుట మనకు సంతోషమే గాని అందు విచారింపవలసిన ధర్మసంశయ మేమియు లేదు. ఆ పనిముట్టు ప్రాణము తీయుటకు పనికివచ్చున దైనచో మాత్రము, దాని బిగువు సడలుట వట్టి సౌకర్యమేనా, లేక సడలినదానితోపాటు మనము పోగొట్టుకొనున దేమైన నున్నదా యను ప్రశ్న పుట్టుచున్నది. ఈ ప్రశ్ననే యిచ్చట విచారింప దలచితిమి.

ఇందుకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో విరివిగా అమ్ముడగు చిన్న పిస్తోలును దృష్టాంతముగా గైకొందము. దుస్తుల మాటున ధరింపదగిన ఆ పొట్టి పిస్తోలును క్రొత్తగా కొన్నవారు తఱచుగా చెప్పు ఫిర్యాదు, పైనున్న స్లయిడు వెనుకకు లాగిన రాకున్నదనియే. వస్తువు చిన్నదైనప్పుడు సులువుగా నుండవలెను గదా, యిది పెద్దదానికంటె మొండిగా నున్నదేమి యని వారి యాశ్చర్యము.

కారణము సులభముగా తెలియదగినదే. పిస్తోలు గొట్టమును కప్పియుండు ఉక్కు తొడుగునకు స్లయిడని పేరు. దానిని వెనుకకు లాగి విడిచినచో లోపలి స్ప్రింగు ముందునకు నెట్టును. ఆ పోకలో అది పిడియందలి మేగజైనునుండి ఒక తూటాను గైకొని గొట్టపు మొదటనున్న అఱలో చేర్చును. గుండు వెలువడినంతనే స్లయిడు ప్రతిఘాతముచే తనంతట వెనుకకు పోయి, కాలిన డొల్లను విసరివైచి, మరల ముందునకు వచ్చి మఱియొక తూటాను చేర్చును. పెద్ద పిస్తోలునందు స్లయిడు బరువైనది, దాని పరుగునకు చోటెక్కువ. చిన్నదానియందు స్లయిడు తేలిక, పరుగు పొట్టి. తూటా మాత్రము పెక్కింటియందు అదే. అంత తోపే తేలిక వస్తువునకు తగిలినచో అది మఱింత వేగముగా కదలును. ఆ వేగమును ఇఱుకుచోట ఆపవలెనన్న స్ప్రింగు బలముగా నుండక తీఱదు. కావుననే పెక్కు చిన్న పిస్తోళ్లలో ఒకదానిలో నొకటి యిమిడిన రెండు స్ప్రింగులు అమర్పబడి యుండును. దేహము చిన్నదగుకొలది స్ప్రింగు గట్టిపడుట దోషము గాదు, లెక్క.

ఇక ఈ బిగువు సడలు విధము చూతము. క్రొత్త స్ప్రింగు మొదటి కొన్ని పర్యాయములు అణగి లేచిన పిదప ఒకింత కుదుటబడును. ఉక్కుపై ఉక్కు జారుచోటుల గరుకుదనము ఒఱపిడిచే అరిగి నునుపెక్కును. నూనె దానికి తోడ్పడును. క్రొత్త పిస్తోలుతో 200 తూటాలు కాల్చిన పిదపనే దానిని నమ్మవలసినదని కొన్ని సంస్థలే చెప్పుచున్నవి. అయినను ఇనుమునందు కలుగు మార్పు కొంచెమే. పెద్ద మార్పు చేతియందు కలుగును. మొదటి దినమున కొనవ్రేళ్లతో పట్టి లాగబోయి విఫలుడైనవాడు, తూటాలు లేని పిస్తోలును నిరపాయమగు దిక్కునకు త్రిప్పి, వ్రేలు మీటకు దూరముగా నుంచి, ఒక అఱచేతితో స్లయిడును నిండుగా పట్టి, రెండవచేతితో పిడిని ముందునకు నెట్టుట నేర్చును. కొలది వారములలో ఆలోచింపకయే ఆ పని జరిగిపోవును. పిస్తోలును మచ్చిక చేసితినని యజమానుడు తలచును. నిజమునకు మచ్చికైనవారు ఇరువురు. పిస్తోలు చేతికి అలవడినది. చేయి పిస్తోలునకు అలవడినది.

ఈ రెండవ అలవాటునందే మన ప్రశ్న యున్నది. దానికి ప్రత్యుత్తరము చెప్పుటకు పూర్వము, సులువును కోరువారి పక్షమును న్యాయముగా వినవలెను.

ఆయుధము బలహీనునకును బలవంతునకును గల తారతమ్యమును తీర్చునని వారి వాదము. 2008లో అమెరికా సుప్రీము కోర్టు, గృహమున ఆత్మరక్షణార్థము చేతిపిస్తోలు నుంచుకొనుట వ్యక్తికి గల హక్కని తీర్పు చెప్పినది. జనులు చేతిపిస్తోలునే యేల కోరుదురో చెప్పుచు, పొడుగు తుపాకి నెత్తి గురిపెట్టు బలము లేనివారికి అది అనువగుట యొక కారణముగా ఆ తీర్పున పేర్కొనబడినది. అట్లైనచో కీళ్లనొప్పులతో వ్రేళ్లు వంగని వృద్ధురాలికి, ఒంటరిగా నుండు బలహీనురాలికి కదలని స్లయిడు ఏమి రక్షణ? ఎవరి పేర ఆయుధము సమర్థింపబడుచున్నదో వారికే అది లొంగకుండుట అన్యాయము గాదా? ఈ కొఱతను గుర్తించియే 2018లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ స్లయిడు సులువుగా లాగదగిన పిస్తోలును ప్రత్యేకముగా వెలువరించినది. ఈ వాదమును పరిహాసముతో త్రోసివేయుట ధర్మము గాదు. భయపడువాని భయము నిజమైనదే.

రెండవ పక్షమును గూడ అంతే శ్రద్ధతో వినవలెను. అదే దేశమున 2021లో తుపాకుల వలన 48,830 మంది మరణించిరి. అందు 26,328 మంది, అనగా సగమునకు మించినవారు, తమ ప్రాణములను తామే తీసికొనినవారు. దొంగకొఱకని యింట నుంచిన ఆయుధము దొంగకంటె ఎక్కువగా యింటివారినే పొట్టనబెట్టుకొనుచున్నదని యీ లెక్క చెప్పుచున్నది. మనుష్యుని దుఃఖము, కోపము, నిరాశ కెరటములవంటివి, లేచును, విఱిగిపోవును. కెరటము విఱుగువఱకు నడుమ ఏదైన అడ్డున్నచో ప్రాణము నిలుచును. ఇది వట్టి యూహ గాదు. ఇజ్రాయేలు సైన్యమున 2006లో, సెలవుపై యింటికి పోవు యువసైనికులు తుపాకులను శిబిరముననే విడిచిపోవలెనని నియమము పెట్టగా, ఆత్మహత్యలు సుమారు నూటికి 40 వంతున తగ్గెను. ఇంగ్లండు, వేల్సు దేశములలో వంటగ్యాసునుండి విషవాయువు క్రమముగా తొలగిన 1963–1975 నడుమ, ఆత్మహత్యల మొత్తము సుమారు మూడవవంతు తగ్గెను. ఆ జనుల దుఃఖములను ఎవరును తీర్చలేదు. దుఃఖమునకును మరణమునకును నడుమ దారి కొంచెము పొడిగింపబడినది, అంతియే. దారి పొడుగైనంతనే పెక్కురు వెనుకకు మరలిరి.

అట్లైన స్లయిడు బిగువే మన కాపలాదారని తలచి దానిని సడలనీయ కుండవలెనా? అదియు సరిగాదు. తూటానొకదానిని ఎల్లప్పుడు అఱలో నుంచియే పిస్తోలును ధరించువారు అచ్చట పెక్కురు. తూటా అఱలో చేరిన పిమ్మట స్లయిడు ఎంత బిగువుగా నున్నను లాగవలసిన పనియే లేదు. మిగిలినది వ్రేలికి తగులు మీట యొక్కటియే. స్లయిడును కదల్పలేని పసివాని చేయి మీటను నొక్కగలదు. కావున స్ప్రింగును నమ్మి నిశ్చింతగా నుండుట, తాళము వేయని యింటికి తలుపు బరువును కాపలా పెట్టుటవంటిది. యంత్రమునకు వివేకము లేదు. 1914 జూన్ 28న సరయేవో నగరమున ఆస్ట్రియా యువరాజదంపతులను కూల్చినది బ్రౌనింగు రూపొందించిన 1910 నమూనా చిన్న పిస్తోలు. 1948 జనవరి 30న ఢిల్లీలో మహాత్ముని యెదుట నిలిచినది ఇటలీ దేశపు బెరెట్టా చిన్న పిస్తోలు. మూడు గుండ్లును వెలువడెను. రెండును తమ పనిని చక్కగానే చేసినవి. ఆగవలసిన బిగువు వాని స్ప్రింగులలో నుండదగినది గాదు.

అది యెచ్చట నుండదగినదో మన భారతకథ యెఱుగును. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను విరాటుని పురము వెలుపల శ్మశానమున జమ్మిచెట్టుపై దాచిరి. శవమని భ్రమ పుట్టునట్లు మూటగట్టి, ఎవరును దరిజేరకుండునట్లు చేసిరి. ఈ యేర్పాటు పరులకొఱకే కాదని మాకు తోచుచున్నది. ఆ సంవత్సరమున వారికి కోపము వచ్చు సందర్భములకు కొదువ లేదు. నిండుసభలో ద్రౌపదిని కీచకుడు తన్నిన క్షణమున గాండీవము గోడకు వ్రేలాడుచుండినచో కథ మఱియొక విధముగా నడచెడిది. ప్రతి విజయదశమికి జమ్మికి మ్రొక్కి ఆకులు పంచుకొను మనము, ఆయుధమును దింపుకొనిన దినమును జ్ఞాపకముంచుకొంటిమి గాని, దానిని ఒక యేడు అందకుండ నుంచిన నిగ్రహమును మఱచితిమి.

అంతకంటె లోతైన మాట అశ్వత్థామ కథయందున్నది. బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునుడును ప్రయోగించెను, అశ్వత్థామయు ప్రయోగించెను. ఉపసంహరింపుడని ఋషులు కోరగా అర్జునుడు ఉపసంహరించెను, అశ్వత్థామకు చేతగాలేదు. ఎక్కుపెట్టుట యిద్దఱికిని వచ్చును. దింపుట యొక్కనికే వచ్చును. స్లయిడు లాగుటను 200 తూటాలతో నేర్చినవాడు, పిస్తోలును దింపుటను ఎన్ని తూటాలతో నేర్చెను? ఈ రెండవ విద్యకు బజారున తూటాలు దొరకవు.

కావున మా సమాధానము ఇది: స్ప్రింగునుండి సడలిన బిగువు ఎచ్చటికో పోరాదు, ఇంటికి, మనస్సునకు చేరవలెను. బలహీనులకు సులువైన పిస్తోలు దొరకుట తప్పని మేమనము. సులువు పెరిగినకొలది తాళము పెరుగవలెను. ఆయుధ మొకచోట, తూటాలు మఱియొకచోట, రెండింటికిని వేర్వేఱు తాళము లుండవలెను. ఇంటిలో నొకరు దుఃఖమగ్నులై యున్న దినములలో, జ్వరపీడితునికి పథ్యము పెట్టినంత సహజముగా, ఆయుధమును ఇల్లు దాటింపవలెను. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది దూరపు మాట గాదు. ఇంట పిస్తోలు నుంచవలెనా వలదా యను నిర్ణయము పురుషు డొక్కడు అంగడిలో చేయదగినది గాదు. ఇల్లాలి సమ్మతి లేని ఆయుధము ఆ యింటికి రక్ష గాదు, బెదిరింపు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము అనుమతిపత్రము కోరుచున్నది. 2019 సవరణచే ఒక్కరికి ఉండదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి. చట్టము పెట్టు ఆటంకము మనకు చికాకుగా తోచవచ్చును. జమ్మిచెట్టు ఎక్కుటయు చికాకే.

పిస్తోలు నెన్నడును తాకనివారు ఇది మనకేల యనుకొనవలదు. మొదటి లంచము పుచ్చుకొనునప్పుడు గుమాస్తా చేయి వణకును. నూఱవది పుచ్చుకొనునప్పుడు వణకదు. మొదటిసారి భార్యపై చేయి యెత్తినవానికి ఆ రాత్రి నిద్రపట్టదు. పదవసారికి సుఖముగా పట్టును. వాడును తన స్ప్రింగును మెత్తపఱచుకొనినవాడే. క్రొత్తదనమునందలి ఆ బిగువు మన మనస్సుల కమర్పబడిన కాపలా. దానిని లోపమని యెంచి అరగదీసికొనుట తగదు. ఏ పని మనకు మునుపటికంటె సులువైనదో దానిని గూర్చి సంతోషించుటకు ముందు, ఆ సులువునకు మనము చెల్లించిన వెల యేమని అడుగుట మంచిది. ఇనుము అరుగుటకే పుట్టినది. వెనుకంజ వేయగల మనస్సు అరుగుటకు పుట్టినది గాదు.