నృగుడి ఆవు, నా ప్రాజెక్టు ఫైలు



పోయిన వారం వీడియోలో నృగ మహారాజు కథ చెప్పుకున్నాం కదా. చూసినవాళ్ళలో చాలామంది అడిగింది ఒకటే: "తెలియక చేసిన పొరపాటుకు అంత శిక్షా? ఇదేం న్యాయం?" స్క్రిప్టులో నేను రాసిన జవాబు నాకే నచ్చలేదు. 'ధర్మం సూక్ష్మం' అని ఒక ముక్క అనేసి దాటేశాను. ఎందుకు దాటేశానో ఈరోజు చెప్తాను.

వీడియో చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. భాగవతం దశమ స్కంధంలో వస్తుంది. నృగుడు ఇక్ష్వాకు కొడుకు, లెక్కలేనన్ని గోవుల్ని దానం చేసిన రాజు. ఒకసారి ఒక బ్రాహ్మణుడికి ఇచ్చేసిన ఆవు తప్పించుకుని తిరిగొచ్చి రాజుగారి మందలో కలిసిపోయింది. రాజు గమనించలేదు, అదే ఆవుని ఇంకొకాయనకు దానమిచ్చాడు. ఇద్దరూ "నాదంటే నాది" అని వచ్చారు. బదులుగా లక్ష ఆవులిస్తానన్నా ఒక్కరూ ఒప్పుకోలేదు. చనిపోయాక పాపఫలం ముందు అనుభవిస్తానని యముడితో చెప్పి, నీళ్ళు లేని ఒక బావిలో ఊసరవెల్లిగా పడిపోయాడు. కృష్ణుడు వచ్చి పైకి తీసేదాకా అక్కడే. (ఎండిన బావి ఎట్లుంటుందో మా కళ్యాణదుర్గం వాళ్ళకి ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు.)

ఇప్పుడు నా సంగతి. ఛానల్‌కి స్క్రిప్టులు రాసే నేను ఉద్యోగం రీత్యా స్టాఫ్ నర్సుని. మూడేళ్ళ జీఎన్ఎం చదివి డ్యూటీలో చేరాక, పోస్ట్ బేసిక్ బీఎస్సీ దూరవిద్యలో కట్టాను. క్లాసులు చాలావరకు ఫోన్లోనే. నైట్ డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠం వినడం. ఇలా చదివేవాళ్ళు మీ ఇళ్ళలో కూడా ఉండే ఉంటారు.

కమ్యూనిటీ హెల్త్ ప్రాజెక్టుకి నేను తీసుకున్న విషయం గర్భిణుల్లో రక్తహీనత. కంబదూరు వైపు పల్లెల్లో యాభై రెండు మందిని చూశాను. చెనిక్కాయ చేలల్లో కలుపు తీసే రోజులు. పగలు ఇంట్లో ఒక్కరూ దొరకరు. తెల్లారకముందే వెళ్ళాలి, లేదా దీపాలు పెట్టాక వెళ్ళాలి. వేలికి సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూడటం. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కి తగ్గితే ప్రమాదం. గర్భిణులకు కనీసం 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలివ్వాలన్నది 2018 నుంచి నడుస్తున్న ఎనీమియా ముక్త్ భారత్ లెక్క. మాత్రలు ఇంట్లో ఉంటాయి, డబ్బాలో అట్టలకట్టలే ఉంటాయి. వేసుకోరు. వికారమని, విరేచనం నల్లగా అవుతోందని, బిడ్డ నల్లగా పుడుతుందని అత్త అందని. వేసుకునేవాళ్ళు కూడా టీతో వేసుకుంటారు. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. కానీ ఒక్కో గడపలో కూర్చుని వింటే వేరేగా తెలుస్తుంది.

వాళ్ళలో ఒకామెకి ఏడో నెల, 6.4 వచ్చింది. సూది గుచ్చేముందు ఆమె అడిగిన మాట: "అక్కా, నా పేరు యాడన్నా రాస్తావా?" రాయనులేమ్మా అన్నాను. మర్నాడే అనంతపురం పెద్దాసుపత్రికి పంపించాం. ఆమె మొగుడు బెంగుళూరులో సెంట్రింగ్ పని మీదున్నాడు. తోడుగా నేనూ ఆశా కార్యకర్తా వెళ్ళాం.

ప్రాజెక్టు అయిపోయింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కొన్ని నెలలకి మా జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. బెంగుళూరులో ప్రైవేటు ఆస్పత్రిలో పన్నెండు గంటల డ్యూటీ, ఇంట్లో చంటిబిడ్డ. "అక్కా, నీ ఫైలు ఒక్కసారి పంపీక్కా. మాడల్ చూసుకుంటా, అంతే." పంపించేశాను. ఆలోచించను కూడా లేదు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం గొప్పగానే అనిపించింది. విద్యాదానం చేస్తున్నాను, తోటి ఆడపిల్లకి సాయం చేస్తున్నాను అని.

ఆమె ఫైల్లో ఊళ్ళ పేర్లు తీసేసి కుందుర్పి వైపు తన సొంతూరి పేరు పెట్టింది. అంకెలన్నీ నావే. మా ఇద్దరికీ గైడు ఒకరేనని ఇద్దరమూ మర్చిపోయాం. ఆన్‌లైన్ వైవాలో ఆ మేడం అడిగింది ఒకే ఒక ప్రశ్నంట: "ఈ 6.4 ఉన్న పేషెంటుని ఎక్కడికి రెఫర్ చేశావు? ఇప్పుడెలా ఉంది?"

ఆ పిల్ల ఏం చెప్తుంది?

నాకీ విషయంలో కాపీ అన్న మాట సరిపోదనిపిస్తుంది. 2018లో యూజీసీ కాపీ మీద నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. నలభై దాకా అయితే మళ్ళీ రాసివ్వాలి, అరవై దాకా అయితే ఒక ఏడాది ఆపేస్తారు, ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల పోలికని. కంబదూరు ఆడవాళ్ళ రక్తాన్ని కుందుర్పి ఆడవాళ్ళ పేరు మీద రాస్తే అది పట్టుకోలేదు. కుందుర్పిలో నిజంగా ఉన్న గర్భిణుల్ని ఎవరూ చూడనేలేదు. వాళ్ళలో ఎవరికి 6 ఉందో ఎవరికీ తెలీదు. కాగితం మీద మాత్రం వాళ్ళని చూసేసినట్టే.

అప్పుడు నాకు నృగుడి ఆవు గుర్తొచ్చింది. ఆయన తప్పు దానం చేయడం కాదు. తనది కానిదాన్ని దానం చేయడం. మంద నాది అనుకున్నాడు, అందులో ఏ ఆవు ఎవరిదో చూసుకోలేదు. పొరపాటు తెలియక జరిగినా ఆవుని పోగొట్టుకున్నవాడి నష్టం నష్టమే. లక్ష ఆవులిచ్చినా తీరలేదంటే అందుకే. శిక్ష ఎక్కువా తక్కువా అన్నది నేను తేల్చలేను. ఇచ్చేవాడి మనసు మంచిదైనంత మాత్రాన పోగొట్టుకున్నవాడికి ఒరిగేదేమీ లేదని మాత్రం నాకు అర్థమైంది.

నా ఫైలు నాది అనుకున్నాను. రాసింది నేనే, కష్టం నాదే. కానీ ఆ యాభై రెండు చుక్కలు నావా? వాళ్ళు వేలు చాపింది నన్ను చూసి. ఇంకో పని కోసం కాదు.

ఇంతకన్నా సిగ్గుపడే సంగతి ఒకటుంది. చివరి పేజీల్లో పట్టిక పెట్టాను. పేర్లు తీసేశాను, ఫోన్ నంబర్ల కాలమ్ తీయలేదు. మళ్ళీ కనుక్కోవడానికి పెట్టుకున్నవి, అలాగే ఉండిపోయాయి. ఆ ఫైలు జూనియర్ దగ్గర్నుంచి ఇంకో ఇద్దరికి వెళ్ళింది. ఆపైన ఎక్కడికెళ్ళిందో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి 1953 నాటిది, 2021లో కూడా సవరించారు. రోగి గుట్టు కాపాడాలన్నది అందులో ఉంది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా అదే చెప్తుంది. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులొచ్చాయి కూడా.

"మరి ఎవరికీ ఏమీ ఇవ్వకూడదా అక్కా?" అని మీలో నర్సింగ్ చదివే పిల్లలు అడుగుతారు. ఇవ్వాలి. నేను ఇప్పటికీ ఇస్తాను. ప్రశ్నావళి ఎలా తయారు చేసుకోవాలి, అత్తగారు పక్కనుంటే కోడలితో ఎలా మాట్లాడాలి, ఏ పుస్తకం చూడాలి, నేను ఎక్కడ తప్పు చేశాను, ఇవన్నీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్తాను. పంచితే పెరిగే విద్య అదే. ఇంకొకరి ఒంటి సంగతి ఆ లెక్కలోకి రాదు. పన్నెండు గంటలు నిలబెట్టి పని చేయించుకుని, చదువుకి ఒక్కరోజు సెలవివ్వని యాజమాన్యాల మీద కూడా నాకు కోపముంది. ఆ అమ్మాయి అలసట అబద్ధం కాదు. కానీ ఆ అలసటకి విరుగుడు నేను ఆమె తరఫున పని చేసిపెట్టడం అయితే కావచ్చు, ఆమె చూడని మనుషుల్ని చూసినట్టు రాసుకోనివ్వడం కాదు.

మేడం ఆమెని ఫెయిల్ చేయలేదు, మళ్ళీ చేసి తెమ్మంది. రెండు ఆదివారాలు నేనూ తోడొస్తానన్నాను, వద్దంది. నాలుగు నెలలు మాట్లాడలేదు. ఊరికొచ్చి బిడ్డని తల్లి దగ్గర పెట్టి ముప్పై మందిని చూసిందని తర్వాత వేరేవాళ్ళు చెప్పారు. ఇప్పుడు పలకరిస్తే పలుకుతుంది, అంతే. తప్పు ఇద్దరిదీ అయితే అందరి ముందు తలొంచుకున్నది ఆమె ఒక్కతే. ఆ కోపం న్యాయమే.

ఫోన్ నంబర్ల సంగతి చెప్పాలని ఆ 6.4 ఆమె ఇంటికి వెళ్ళాను. బిడ్డ పుట్టి అప్పటికి మూడు నెలలు. గడపలో కూర్చుని, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను. మాట ఇచ్చి తప్పాను, క్షమించమ్మా అన్నాను. ఆమె సగం విన్నది, సగం వినలేదు, బిడ్డ ఏడుస్తోంది. "అది పోనీక్కా. ఇప్పుడు నాకు రక్తమెంతుందో చూడు" అని వేలు చాపింది.

నేను మిషను తీసుకెళ్ళలేదు. నా క్షమాపణ మీదే ఉంది నా ధ్యాసంతా.

మర్నాడు డ్యూటీ దిగి మళ్ళీ వెళ్ళాను. 9.8.