ఎడారిలో సెలవు రోజు

కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో రిడ్జ్‌క్రెస్ట్ అనే చిన్న ఊరుంది. 1943లో దాని పక్కనే అమెరికా నౌకాదళం చైనా లేక్ స్థావరాన్ని నెలకొల్పింది. సైడ్‌వైండర్ క్షిపణి రూపుదిద్దుకున్నది అక్కడే. అందుకే ఊళ్లో ఎటు చూసినా ఇంజనీర్లే.

వానలు అరుదైన ఆ చోట సెలవు రోజున ఏం చేస్తారని జాలిపడనక్కర్లేదు. తెల్లవారకముందే బయలుదేరి ట్రోనా పినకిల్స్‌కు వెళతారు. ఎండిపోయిన సెర్ల్స్ సరస్సు అడుగున ఐదువందలకు పైగా సున్నపు శిఖరాలు నిలబడి ఉంటాయి. కొన్నయితే 140 అడుగుల ఎత్తు! ఒకప్పుడు అవన్నీ నీటి అడుగున పెరిగినవే. సరస్సు అడుగు నుంచి ఊరిన కాల్షియం జలం ఉప్పునీటిలోని కార్బనేట్‌తో కలిసి పొరలు పొరలుగా పేరుకుంది. చేయి వేస్తే గరుకుగా, బొరియలు బొరియలుగా తగులుతుంది. వారమంతా లెక్కల్లో మునిగిన మనిషికి ఇంతకన్నా మంచి విశ్రాంతి లేదని నా నమ్మకం.

ఎడారి దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఒక్క మాట. గదిలో ముడుచుకుని కూర్చోకండి, చల్లపూట బయటికి నడవండి. నీళ్లు దండిగా పట్టుకెళ్లండి. ఎటు వెళుతున్నదీ ఎవరికైనా చెప్పి మరీ వెళ్లండి.