డైరెక్ట్ ఇచ్చి రావద్దు, అల్లుడా

అల్లుడా,

తిరుపతి బైరాగిపట్టెడలో అంగడి చూసుకున్నావనీ, బోర్డు రాయడానికి కూడా ఇచ్చేశావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గీజర్ల రిపేరు, సోలార్ హీటర్ల రిపేరు, వాటి స్పేర్ పార్టులు. మంచి పనే పట్టావు. ఐటీఐ ముగించినోడివి, ఇద్దరు ముగ్గురి చేతికింద నలిగినోడివి, కాబట్టి స్పానరు పట్టడం నేను నేర్పక్కర్లేదు. అయినా మేనమామను, అదీ ఇదే పనిలో జుట్టు తెల్లబడినోణ్ణి. నాలుగు మాటలు చెప్పకుండా ఊరుకోలేను.

అంగడి తెరిచేది ధనుర్మాసానికి ముందేనంట కదా. కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెలలో, కింద ఊళ్ళో కూడా తెల్లారకముందే తలస్నానాలు మొదలవుతాయి. ఎండాకాలం నుంచి ముట్టని గీజర్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తారు. సగం పనిచెయ్యవు. మదనపల్లె, పలమనేరు వైపు చలి ముందే దిగుతుంది కాబట్టి అక్కడి ఫోన్లు ముందే వస్తాయి. బస్టాండు, రైల్వే స్టేషను చుట్టూ ఉండే లాడ్జీలకైతే సీజనంటూ లేదు. కొండకు పోయే జనం అర్ధరాత్రి దిగినా బకెట్లో ఎచ్చనీళ్ళు పడాల్సిందే.

ఆ తొందరలోనే మన పనోళ్ళకు ఒక మాట అలవాటవుతుంది. "కటౌట్ ఊరికే పడిపోతా ఉంది సార్, డైరెక్ట్ ఇచ్చేశాను, ఇంక ప్రాబ్లం ఉండదు." పది నిమిషాల పని, కటౌట్‌ను తప్పించి కరెంటు నేరుగా పోయేలా చిన్న వైరు ముక్క. లాడ్జీ మేనేజరు సంతోషంగా డబ్బులిచ్చి పంపిస్తాడు. ఈ మాట నీ నోట రాకూడదు. ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం, మిగతాదంతా కొసరు.

గీజరులో నీళ్ళు కాచేది ఎలిమెంటు ఒక్కటే. తక్కినవన్నీ దాన్ని ఆపడానికి పెట్టినవే. 60 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపాలి. దాని పాయింట్లు అతుక్కుపోయి ఆపలేకపోతే, నీళ్ళు మరగకముందే కటౌట్ పడాలి. అదీ పడలేదనుకో, లోపల పెరిగిన ఒత్తిడిని సేఫ్టీ వాల్వు బయటికి వదలాలి. ఐ.ఎస్. 2082 అని ఇళ్ళలో వాడే స్టోరేజి గీజర్లకు మన దేశంలో ఒక ప్రమాణమే ఉంది. ఒకటి తప్పితే ఇంకొకటి కాయాలని ఇవన్నీ పెట్టారు. ఇప్పుడు కటౌట్ రోజూ పడుతోందంటే దాని పని అది చేస్తోందన్నమాట. తప్పు ఇంకెక్కడో ఉంది. థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండొచ్చు, ఎలిమెంటుకు సున్నం పట్టి ఉండొచ్చు, టెర్మినల్ స్క్రూ లూజై అక్కడే వేడెక్కుతుండొచ్చు. నువ్వు కటౌట్‌ను డైరెక్ట్ చేశావు, ఆర్నెల్లకు థర్మోస్టాట్ మళ్ళీ అతుక్కుంది, మన బోరునీళ్ళకు సేఫ్టీ వాల్వు కంత ఎప్పుడో పూడిపోయింది. ఇంక ఆపేదెవరు? మూసిన ట్యాంకులో నీళ్ళు 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల నీళ్ళుగానే ఉంటాయి. ట్యాంకు చీలిందా, ఆ క్షణంలో వాటిలో కొంత ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా చోటు కావాలి. ఆ గీజరు కింద నిలబడి నీళ్ళు పోసుకునేది ఎవరి బిడ్డో మనకు తెలీదు.

వాల్వు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. గీజరు ఆన్ చేసినప్పుడు వాల్వు నుంచి చుక్క చుక్క కారుతుందని ఫోన్ చేస్తారు. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి, వెనక్కి పోకుండా నాన్ రిటర్న్ వాల్వు అడ్డముంది, ఆ ఉబ్బిన నీళ్ళు కారడానికే ఆ కంత. ఆ మాట చెప్పి, చిన్న ట్యూబు తగిలించి, మోరీ వైపు వదిలి వచ్చేయ్. గీజరు చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే అప్పుడు వాల్వు మార్చు, ప్రెషరు పంపు ఏమైనా బిగించారేమో అడుగు. ఎం-సీల్ పెట్టి మూసేసిన వాల్వులు ఈ ఊళ్ళో ఎన్ని చూశానో! ఎక్కడ కనపడినా ముందు ఆ వాల్వు మార్చు, పిలిచిన పని తర్వాత.

ఇంక ఎలిమెంటు. నీ అంగట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే, మన నీళ్ళ పుణ్యాన. కొండమీద గోగర్భం, పాపవినాశనం డ్యాముల నీళ్ళు వాడే కాటేజీల గీజరు విప్పు, కింద బోరునీళ్ళ మీద బతికే కాలనీల గీజరు విప్పు, తేడా నీకే తెలుస్తుంది. కళ్యాణి డ్యాం నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే వీధుల్లో కొంచెం నయం. చిత్తూరు, పుంగనూరు వైపు రాతినేలల్లో లోతుగా దించిన బోర్ల నీళ్ళలో కాల్షియం కరిగి ఉంటుంది. చల్లటి నీళ్ళలో కనపడదు. కాచేసరికి సున్నమై, ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే ఎలిమెంటు మీదే పేరుకుంటుంది. సంగటి కుండ అడుగున మాడు పడితే కింద మంట ఎంత పెట్టినా పైకి వేడి ఎక్కదు చూడు, అదే కత. కరెంటు కాలుతూనే ఉంటుంది, వేడి నీళ్ళకు చేరదు, రాగి తొడుగు లోపల్లోపలే ఎర్రబడి ఒకచోట చీలుతుంది. లోపల నిక్రోమ్ తీగ చుట్టూ కూరిన తెల్లటి పొడికి నీళ్ళు తగులుతాయి. దాంతో ఎర్త్ కొడుతుంది, ఎం.సి.బి. పడుతుంది.

కాబట్టి పోయిన ఎలిమెంటును బయటికి తీయగానే చెత్తబుట్టలో వెయ్యొద్దు. వెలుతురులోకి పట్టుకెళ్ళి చూడు. తెల్లటి గార పొరలు పొరలుగా ఉండి, మధ్యలో ఒకచోట చీలి ఉంటే సున్నం చంపింది. గార పెద్దగా లేకుండా పొడవునా నల్లబడి కమిలి ఉంటే, ఎవరో ట్యాంకులో నీళ్ళు లేకుండా స్విచ్చేశారు. మోటారు వెయ్యడం మర్చిపోయారా, లోపలికొచ్చే వాల్వు కట్టేసి ఉందా, అడుగు. తొడుగంతా బాగుండి టెర్మినళ్ళ దగ్గర మాత్రం కాలి ఉంటే వైరు సరిగా బిగించలేదు. దేనికి పోయిందో తేల్చకుండా కొత్తది బిగించావంటే అదీ అదే దారిన పోతుంది. పార్టు మంచిది కాదని నిన్ను తిట్టుకుంటారు. సున్నం వల్ల పోయిందైతే ట్యాంకు అడుగున రాలిన గారను చెయ్యి పెట్టి పూర్తిగా తోడెయ్. మళ్ళీ ఏడాదికి ఒకసారి విప్పి కడగాలని ఇంటాయనకు చెప్పి, తారీకు గీజరు మీదే మార్కరుతో రాసి రా.

ఎలిమెంటును ఊడదీయకముందే మీటరు పెట్టి చూసే అలవాటు చేసుకో. 2000 వాట్ల ఎలిమెంటు 26 ఓముల దగ్గర చూపించాలి, 3000 వాట్లదైతే 17, 18. అంత చూపిస్తూ, తొడుగుకూ టెర్మినలుకూ మధ్య ఏమీ చూపించకపోతే ఎలిమెంటు బాగున్నట్టే, దాన్ని అమ్మొద్దు. గీజరు వేడెక్కడం లేదని పిలిచిన ఇళ్ళలో చాలాచోట్ల పోయింది ఎలిమెంటు కాదు. 2000 వాట్లంటే దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు. ఏదో బల్బు కోసం లాగిన సన్నవైరు మీద, లూజు సాకెట్లో దాన్ని నడిపితే ప్లగ్గు కాళ్ళు నల్లబడతాయి. ముందు ప్లగ్గు పీకి చూడు. స్విచ్చు ఆపితే చాలనుకోకు, ఎం.సి.బి. దించాకే మూత విప్పు. మన ఇళ్ళలో స్విచ్చు న్యూట్రల్ మీద పడి, ఫేజు నేరుగా లోపలికి పోతున్న వైరింగులు ఇంకా ఉన్నాయి.

స్పేర్లు తెచ్చే విషయం. మల్టీమీటరు, చిన్నాచితకా సామాన్లకు చెన్నై రిచ్చీ స్ట్రీటుకో బెంగళూరు ఎస్.పి. రోడ్డుకో పోతావు, పో. అక్కడ ఒకే ఎలిమెంటుకు మూడు రేట్లు చెప్తారు. నా లెక్క ఇది: వాషరు, పట్టీ, నాబు, ఇండికేటరు లైటు లాంటివి లోకల్‌వి పెట్టినా కొంపలేమీ మునగవు. థర్మోస్టాట్, కటౌట్, సేఫ్టీ వాల్వు మాత్రం కంపెనీవో, ఐ.ఎస్.ఐ. మార్కు ఉన్న మంచి రకమో తప్ప అంగట్లోకే రానివ్వకు. ఎలిమెంటు బోరునీళ్ళ ఇంటికైతే మామూలు రాగిదానికన్నా ఇంకొలాయ్‌దో, గాజుపూతదో చెప్పు. ధర ఎక్కువే, ఆ రెండు ధరలూ ముందే చెప్పి ఎంచుకోమను. పాతది చేతిలో పట్టుకుని పోల్చకుండా కొత్తది కొనకు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఫ్లాంజి కంతల లెక్క మారుతుంది, నిలువు గీజరుదానికీ అడ్డం గీజరుదానికీ వంపు మారుతుంది. రబ్బరు గాస్కెట్టు ప్రతిసారీ కొత్తదే వెయ్యి. తొందరగా కాగాలి 3000 పెట్టమనేవాళ్ళుంటారు. వైరూ, సాకెట్టూ, థర్మోస్టాట్ మీద రాసిన ఆంపియర్లూ చూడకుండా ఒప్పుకోకు. మోడల్ నంబరు చెప్తే చాలాసార్లు కంపెనీవాళ్ళే పార్టు నంబరు చెప్తారు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ ఒకటి పెట్టింది. రిపేరు చేయించుకోవడం కొన్నవాడి హక్కని సర్కారే చెప్తున్నప్పుడు, స్పేరు దొరకదు కొత్త గీజరు కొనండి అనే మాటను నువ్వు అంత సులువుగా నమ్మనక్కర్లేదు.

యానోడు రాడ్డు సంగతి మన ఊళ్ళో ఎవరూ అడగరు. ట్యాంకు ఇనుమును తినాల్సిన నీళ్ళు ముందు ఈ మెగ్నీషియం కడ్డీని తినాలని దాన్ని లోపల పెడతారు. కొత్తప్పుడు బొటనవేలంత లావు. కొన్నేళ్ళకు విప్పితే నడిమి తీగ మాత్రం మిగిలి, దానికి అక్కడక్కడ బూడిదరంగు ముక్కలు వేలాడుతుంటాయి. అప్పుడు మారిస్తే ట్యాంకు బతుకుతుంది. ట్యాంకే కారడం మొదలుపెడితే దానికి స్పేరు లేదు. ఎలిమెంటు మార్చడానికి పోయిన ప్రతిచోటా ఇదీ విప్పి చూపించు. అమ్మాలని చూపించకు, చూపిస్తే వాళ్ళే కొంటారు.

   

దేనికి పోయిందో ముందు తేల్చే మన పద్ధతి గీజరుకే అనుకోకు. మిన్నెసోటాలో ఉండే మీ అక్క ఇంట్లో బేస్‌మెంటులో గ్యాసు ఫర్నేసు ఉంది, ఆ చలిలో ఇల్లంతా వేడిగాలి తోలేది అదే. పోయిన చలికాలం అది వెలిగేది, కొద్ది క్షణాలకే ఆరిపోయేది, మళ్ళీ వెలిగేది, మూడు నాలుగు సార్లకు మొండికేసేది. చూడ్డానికొచ్చినాయన కంట్రోల్ బోర్డే మార్చాలన్నాడంట. తలుపు లోపలివైపు అతికించిన వైరింగ్ బొమ్మ ఫోటో తీసి పంపమన్నాను. మంటలో ఒక సన్న కడ్డీ ఉంటుంది, ఫ్లేమ్ సెన్సర్ అంటారు. మంట ఉంటే దాని గుండా చాలా సన్నటి కరెంటు పారుతుంది, అది బోర్డుకు అందకపోతే మంట లేదనుకుని గ్యాసు కట్టేస్తుంది. ఆ కడ్డీకి తెల్లటి పొర పట్టింది, అంతే. మీ అక్క ఆయన్నే అడిగి సన్నటి స్టీలు ఉన్నితో రుద్దించింది. బోర్డు కొనే పని తప్పింది. ఆ ఫర్నేసులోనూ మన కటౌట్ లాంటి లిమిట్ స్విచ్చి ఉంది. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడకపోతే అది పడుతుంది, జనం స్విచ్చిని తిడతారు. ఫిల్టరు మార్చమని చెప్పాను. లోపలి హీట్ ఎక్స్చేంజరు పగిలిందని ఎవరైనా చూపిస్తే మాత్రం ఆ రోజే ఆపెయ్యమన్నాను, పొగలో కార్బన్ మోనాక్సైడు గదుల్లోకి వస్తుంది.

అదే కారణంతో, బాత్రూము లోపల గ్యాసు గీజరు బిగించమని ఎవరడిగినా పోవద్దు. కిటికీ ఉంది కదా అంటారు, చలికి అది మూసే ఉంటుంది. బయట వసారాలో పెట్టి పైపు లాగుతానను, ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టు.

సోలార్‌కు ఒక్కటే చెప్తాను. గాజుట్యూబులు మార్చాలంటే పొద్దున్నే, ఎండెక్కకముందే మార్చు. మిట్టమధ్యాహ్నం ఖాళీగా కాగిన ట్యూబులోకి చన్నీళ్ళు వదిలితే టప్పున పగుల్తుంది, ఆ ట్యూబు డబ్బులు నీ మీదే.

కూలి వేరు, పార్టు ధర వేరు రాసి బిల్లియ్యి. పాత పార్టు వాళ్ళ చేతిలో పెట్టు. కొత్త ఎలిమెంటు బిగించాక వేడినీళ్ళ కొళాయి తిప్పి, గాలి పోయి ధార నిండుగా వచ్చేదాకా స్విచ్చెయ్యకు.

బోణీ ఎక్కడ అని వెతుక్కోవద్దు. మీ ఇంటి గీజరు ప్లగ్గు కాళ్ళు నల్లబడి ఉన్నాయి, పోయిన పండక్కి వచ్చినప్పుడే చూశాను. వాల్వుకు మీ నాయన గుడ్డ కట్టాడు. ఆదివారం అంగడికి తాళం వేసి, ముందు అది విప్పు. మీ అమ్మ దగ్గర కూలి అడుగు, ఇస్తుందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మామ