అల్లుడూ, ముందు లైను కట్టుకో

అల్లుడూ, నీ చేతిలో పనితనం ఉందిరా. మొన్న మా హాలు కిటికీ తుడిచి వెళ్లాక మీ అత్త అద్దం మూసి ఉందని తెలియక చెయ్యి బయటికి పెట్టబోయింది. అంత బాగా చేసేవాడికి నెలాఖరుకి పెట్రోలు అప్పు మిగలడమేంటి? ఇంకో రెండు ఇళ్లు ఎక్కువ ఒప్పుకోమని మీ అమ్మ చెప్పిందట. అక్క మాట కాదనను గానీ, ఈ ఒక్కటీ వినకు. నువ్విప్పుడే తెల్లారి బయల్దేరి చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నావు. ఇంకో రెండిళ్లు ఎక్కడ దూరుస్తావు?

నేను బతుకంతా పేపరు ఏజెన్సీ మీద నడిపినవాణ్ని. పేపరు వేసేవాడికి లైనే ఆస్తి. రెండు వందల పేపర్లు ఒకే కాలనీలో ఉంటే ఒక్క కుర్రాడు కాఫీల వేళకి వేసేసి కాలేజీకి వెళ్లిపోతాడు. అవే రెండు వందలు ఊరంతా చెల్లాచెదురైతే ముగ్గురు కుర్రాళ్లు, మూడు సైకిళ్లు కావాలి. కమీషన్ మాత్రం పైసా పెరగదు. నీ పనీ అచ్చం ఇంతే. నీకున్నవి కస్టమర్ల ఫోన్ నంబర్లు. లైను లేదు.

పోయిన వారం నువ్వు చెప్పిన రోజే తీసుకో. పొద్దున మియాపూర్‌లో ఒక ఫ్లాటు, మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో ఇంకొకటి, సాయంత్రం కొంపల్లిలో ఎవరో రమ్మంటే పరుగు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ అంటే హైదరాబాద్ మెట్రో రెడ్ లైను ఈ కొస నుంచి ఆ కొసకి, 29 కిలోమీటర్లు. బకెట్టు, నిచ్చెన కట్టుకుని బండి మీద నువ్వు తిరిగే ఆ దూరానికి ఎవరూ రూపాయి ఇవ్వరు. ఫ్లాటుకి పన్నెండు వందల చొప్పున మూడు చేశాననుకుని సంబరపడ్డావు గానీ, మూడోది చీకటి పడి సగంలో ఆగిపోయింది. అదే నిజాంపేటలో ఒకే కాంప్లెక్సులో ఐదు చిన్న ఫ్లాట్లు, ఒక్కోటి ఎనిమిది వందలకే చేశావనుకో. నాలుగు వేలు చేతికొస్తాయి, బండి కదలదు, మధ్యాహ్నం ఇంటి అన్నం తింటావు. రేటు తక్కువ ఉన్నచోటే రాబడి ఎక్కువ, చూశావా!

అందుకే ఒక పేట పట్టు. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి చాలు నీకు. ఫ్లాట్లకు లోటు లేదు, మీ ఇంటికి దగ్గర. ఒక కాంప్లెక్సులో మొదటి ఇల్లు దొరికితే అక్కడితో వదలకు. వాళ్ల అద్దం తళతళలాడుతుండగానే చెప్పు: "మీ బ్లాకులో ఇంకో ముగ్గురు ఇదే రోజు పెట్టుకుంటే నలుగురికీ తలా వంద తగ్గిస్తానమ్మా." ఆవిడ అసోసియేషన్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే, నువ్వు వెయ్యి పాంప్లెట్లు పంచినా రానిది వస్తుంది. వాచ్‌మన్‌ని పేరు పెట్టి పిలువు, అన్నా అను. మన వాళ్లు చాలామంది వాచ్‌మన్‌ని దాటుకుని లిఫ్ట్ ఎక్కేస్తారు. ఏ ఫ్లాటు ఖాళీ అయింది, ఎవరు కొత్తగా దిగుతున్నారు, ఎవరింట్లో పెళ్లి ఉంది, అన్నీ ఆయనకే ముందు తెలుస్తాయి.

ఇంకో మాట. పని అయ్యాక "అవసరమైతే ఫోన్ చెయ్యండి సార్" అని వచ్చేస్తావు కదా, అది మానెయ్. వాళ్లు చెయ్యరు. బద్ధకం కాదు, మురికి మెల్లగా పడుతుంది కాబట్టి కంటికి అలవాటైపోతుంది. డబ్బు తీసుకునేటప్పుడే నోట్‌బుక్ తెరిచి, "రెండు నెలల తర్వాత మొదటి శనివారం రాసుకోనా అండీ?" అని అడుగు. రోడ్డు వైపు ఫ్లాటుకి నెలకోసారి, లోపలి వాటికి రెండు నెలలకోసారి. ముందు రోజు సాయంత్రం ఒక వాట్సాప్ మెసేజ్. ఇలా నోట్‌బుక్‌లో తేదీ పడ్డ ఇల్లే లైనులోకి వచ్చినట్టు. మిగిలినవి గాలివాటం బేరాలు.

పొద్దున తొమ్మిదింటికి ఏ ఇల్లాలూ నిన్ను లోపలికి రానివ్వదు, పిల్లల బాక్సులతో సతమతమవుతూ ఉంటుంది. ఆ గంట దుకాణాలకివ్వు. మందుల షాపు, బేకరీ, బట్టల షోరూము, కళ్లజోళ్ల షాపు: ముందు అద్దం బయటివైపు వారానికోసారి. ఒక్కోదానికి వందో నూటయాభయ్యో వచ్చినా చిన్నచూపు చూడకు. ఒకే వీధిలో ఆరు షాపులు దొరికితే ఇడ్లీ తినేలోపు రోజు ఖర్చు బయటపడిపోతుంది. పైగా నువ్వు పని చేస్తుంటే వీధంతా చూస్తుంది.

రేటు సంగతి. ఎదుటివాడి ముఖం చూసి చెప్పడం మానుకో, ముందు నీ లెక్క నీకు తెలియాలి. ఇంటికి నెలకు ముప్ఫై వేలు కావాలనుకో. పెట్రోలు, రబ్బర్లు, లిక్విడ్, ఫోను కలిపి ఆరు వేలు. జ్వరమొచ్చిన రోజులకి, బండి రిపేరుకి నాలుగు వేలు పక్కన పెట్టాలి. మొత్తం నలభై వేలు. నెలకు 24 రోజులు పనిచేస్తావు, రోజులో అద్దం మీద నిజంగా చెయ్యి ఆడేది ఐదు గంటలు, అంటే 120 గంటలు. గంటకు 333 రూపాయలు పడాలి. మూడు గంటలు పట్టే త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటు వెయ్యికి తక్కువ ఒప్పుకుంటే నువ్వే వాళ్లకి ఎదురిస్తున్నట్టు. లైను చిక్కబడి ఐదు గంటలు ఆరైతే అదే నలభై వేలకి గంటకు 278 చాలు. నిజాంపేటలో చిన్న ఫ్లాట్లు ఎనిమిది వందలకి చెయ్యమన్నది అందుకే. ఈ గంట లెక్క నీ మనసులోనే ఉంచుకో. బయట మాత్రం పనికింత అని చెప్పు. గంటకింత అని చెబితే, చెయ్యి తిరిగి త్వరగా చేసినందుకు నీకే నష్టం.

బేరం ఎవరైనా ఆడతారు, ఆడనీ. "రెండొందలు తగ్గించు బాబూ" అంటే మొహం ముడుచుకోకు, అలాగని వెంటనే తగ్గించకు. "సరేనమ్మా, అయితే దోమల మెష్‌లు కడగను, అద్దాలు మాత్రమే" అను. పని తగ్గకుండా రేటు ఒక్కసారి తగ్గించావంటే అదే నీ అసలు రేటని వాళ్ల మనసులో పడిపోతుంది. పాతవాళ్లకి పెంచాలంటే ఉగాదికి పెంచు. ఒక విడత ముందే చెప్పు, గుమ్మంలో నిలబెట్టి కాదు.

ఇక పనిలోకి వస్తాను. నన్నడిగితే నీ పేటలో నీ అసలు సంపాదన ఉప్పు మరకల్లో ఉంది. అక్కడ బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లే ఎక్కువ. ఆ నీళ్లు అద్దం మీద చిమ్మి ఆరితే సున్నం పొర మిగులుతుంది. బాత్‌రూమ్ గ్లాస్ పార్టిషన్లు చూడు, పాలు పోసినట్టుంటాయి. పనమ్మాయి సబ్బుతో ఎంత రుద్దినా పోదు. దానికి నిమ్మ ఉప్పు చాలు. కిరాణా కొట్లో దొరికేదే. గోరువెచ్చని నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి అద్దానికి అంటించు, కాసేపు నాననిచ్చి మెత్తటి స్క్రబ్బుతో గుండ్రంగా రుద్ది కడిగెయ్. మొండిది రెండు మూడు సార్లు పెట్టాలి. కింద గట్టు మార్బుల్ అయితే మాత్రం ఒక్క చుక్క పడనివ్వకు, మెరుపు పోతుంది, ఆ మార్బుల్ ఖరీదు నీ నెల రాబడి. ముందు ఒక మూల జానెడు మేర చేసి ఇంటివాళ్లకి చూపించు. ఆ జానెడు మీద తేడా కనపడగానే ధర వాళ్లే అడుగుతారు. మామూలు తుడుపుకి ఎంతో దానికి ఇది రెట్టింపు చెప్పినా న్యాయమే.

మార్కెట్లో పేరు లేని సీసాల్లో "ఒక్క నిమిషంలో మరక మాయం" అంటూ ఏవేవో అమ్ముతారు. అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉందంటే ముట్టుకోకు. అది మరకతో పాటు అద్దాన్నీ తినేస్తుంది. చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. బాత్‌రూమ్ యాసిడ్ కూడా వద్దు, అల్యూమినియం ఫ్రేములు నల్లబడతాయి. కొత్త ఫ్లాట్లలో సిమెంటు, పెయింటు చుక్కలు బ్లేడుతో గీకేటప్పుడు అద్దం తడిగా ఉండాలి. టఫెన్డ్ గ్లాస్ మీద, సన్ ఫిల్మ్ అంటించిన అద్దం మీద బ్లేడు పెట్టనే పెట్టకు. గీతలు అప్పటికే ఉంటే ముందు ఫోటో తీసి వాళ్లకి చూపించు.

నువ్వు వైపర్ లాగేటప్పుడు చూశాను, ఒక చిన్న విషయం చెప్పనా? పై అంచున రెండు వేళ్ల మేర ముందు పొడిగుడ్డతో తుడుచుకుని, ఆ పొడి చోట రబ్బరు పెట్టి లాగు. అప్పుడు పైనుంచి చుక్క కారదు. ప్రతి లాగుడికీ రబ్బరు అంచు గుడ్డకి తుడువు. ఆ అంచు మీద గోరు నడిపితే గుండ్రంగా తగిలిందా, రబ్బరు తిప్పెయ్, రెండో వైపూ అయిపోతే మార్చెయ్. అరిగిన రబ్బరు చారలు పెడుతుంది, చారల కోసం మళ్లీ ఇంకోసారి తుడుస్తావు, ఆ సమయం నీదే కదా పోయేది. మధ్యాహ్నం పడమటి అద్దాల జోలికి పోకు, ఎండకి సబ్బు నీళ్లు లాగకముందే ఆరిపోతాయి. పొద్దున పడమర, మధ్యాహ్నం తూర్పు. నీ చేతిలో ఉన్న ఆ వైపర్‌కు ఇప్పటి రూపం తెచ్చినవాడూ ఇంజనీరు కాడు. అమెరికాలో ఓక్లాండ్‌కి ఇటలీ నుంచి వలస వెళ్లిన ఎటోరె స్టెకోనే అనే కిటికీలు తుడిచే మనిషి, 1936లో పేటెంటు పుచ్చుకున్నాడు. పేపర్లవాణ్ని కదా, ఇలాంటివి గుర్తుండిపోతాయి.

లైను కుదిరాక అదే ఇంట్లో ఇంకో పని అడుగు. మెష్‌లు, స్లైడింగ్ కిటికీ పట్టాల్లో పేరుకున్న మట్టి, బాల్కనీ గ్లాస్ రెయిలింగు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు: బండి కదలకుండా వచ్చే డబ్బిది. విడి ఇళ్లవాళ్లకి సోలార్ ప్యానెళ్లు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకం మొదలై 3 కిలోవాట్లకి 78,000 దాకా సబ్సిడీ ఇస్తున్నారు. ప్యానెళ్లు పెట్టించుకున్నవాళ్లకి వాటిమీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని తెలుసు, పైకెక్కి కడిగే ఓపిక లేదు. తెల్లవారుజామునే కడుగు, కాగిన ప్యానెలు మీద చల్లనీళ్లు కొడితే అద్దం పగలొచ్చు. దాని మీద కాలు మోపకు. అక్కడ బోరు నీళ్లు పనికిరావు, ఆరాక మళ్లీ అవే తెల్ల చుక్కలు. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కో, పెన్నంత ఉంటుంది. చివరి కడుగుడు ఆర్‌ఓ నీళ్లతో చెయ్యి.

పని ఏడాదంతా ఒకేలా ఉండదు, నీకూ తెలుసు. దసరా, దీపావళి, సంక్రాంతి ముందు ఫోను ఆగదు. శ్రావణం రాగానే గృహప్రవేశాలు. ఆషాఢంలో, మూఢంలో కొత్త ఇంటి బేరాలు ఎండిపోతాయి. ఆ రోజుల్లో కాపాడేది నోట్‌బుక్‌లో తేదీలు పడ్డ ఆ పాత ఇళ్లే. దసరా ముందు ఎవరో పెద్ద విల్లా ఇస్తామన్నారని లైను ఇళ్లను వాయిదా వేశావో, ఆషాఢంలో వాళ్లూ నిన్ను వాయిదా వేస్తారు.

ఇప్పుడు కోపంగా చెప్పేది. నాలుగో అంతస్తులో సన్‌షేడ్ మీద నిలబడి తుడిచావని మీ చెల్లెలు చూపించిన ఫోటో చూశాను. ఇంకోసారి ఆ పని చేశావంటే ఈ మామ నీతో మాట్లాడడు. స్లైడింగ్ షట్టరు పైకెత్తి లోపలికి తీసుకుని కడుగు. రానివాటికి లోపల నుంచి పోలు పెట్టు. పోలు కూడా అందకపోతే "అది నా వల్ల కాదండి" అని చెప్పు, వాళ్లేమీ అనుకోరు. నానక్‌రామ్‌గూడ టవర్ల తాళ్ల పని దానికి శిక్షణ, బెల్టులు, బీమా ఉన్న కంపెనీలది. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. అది ఈ వారమే కట్టించు. కట్టించానని సన్‌షేడ్ ఎక్కకు.

కాగితాల సంగతికి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. వసూలు డబ్బుకి వేరే ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకో, ఇంటి ఖర్చు అందులోంచి తియ్యకు. ఏడాదికి ఇరవై లక్షలు దాటేదాకా సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆఫీసులవాళ్లు అడిగితే మామూలు బిల్లు పుస్తకం చాలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, చేసిపెడతామని డబ్బడిగేవాళ్లకి ఇవ్వకు. ముద్రా శిశు లోను 50,000 దాకా తాకట్టు లేకుండా వస్తుంది గానీ, ఇప్పుడే వద్దు. అప్పు తెచ్చి మిషన్లు కొనడం కంటే మంచి రబ్బర్లు, ఒక తేలికపాటి పోలు ముందు.

ఇంగ్లండులో ఈ పని చేసేవాళ్లు ముసలితనంలో తమ లైనును ఇంకొకరికి అమ్ముకుంటారని నీకు తెలుసా? తేదీలు రాసున్న ఇళ్ల జాబితాకి అక్కడ ధర ఉంది. మా పేపరు ఏజెన్సీల్లోనూ అంతే, లైను చేతులు మారితే డబ్బూ చేతులు మారుతుంది. చెల్లాచెదురు నంబర్లను ఎవడూ కొనడు. రేపు ఒక కుర్రాణ్ని పెట్టుకుని పని నేర్పాలన్నా, ఒకే పేటలో ఉంటేనే నువ్వు వాణ్ని కనిపెట్టుకుని ఉండగలవు.

ఆదివారం నీ నోట్‌బుక్ పట్టుకుని రా. ఈ ఏడాది చేసిన ఇళ్లన్నీ ఫోను మ్యాపులో గుర్తులు పెడదాం. నిజాంపేట చుట్టూ ఉన్నవి ఒక రంగు, మిగతావి ఇంకో రంగు. ఎల్బీ నగర్, కొంపల్లివి ఎవరైనా ఆ పక్క కుర్రాడికి ఇచ్చేసి, వాడి దగ్గర మన వైపు ఉన్నవి తీసుకోవచ్చేమో చూద్దాం. వచ్చేటప్పుడు మీ అమ్మని కూడా తీసుకురా, ఈ లెక్కలు నువ్వు చెప్తే వినదు.