యోగ్యతాపత్రము – వాకిట నిలిచిన బిడ్డ

శిశువునకు లింగధారణ చేయు గురువు ఆ బిడ్డకు కన్ను కనబడునా, కాలు నడచునా యని విచారింపడు. అంగ మెట్టిదైనను లింగమునకు నిలయమే. ఈ సత్యమును నమ్మిన మనము నేడొక ప్రశ్న వేసికొనవలసియున్నది. దివ్యాంగులతో సహా అందరు బిడ్డలను చేర్చుకొను శిశుసంరక్షణ కేంద్రములను పరీక్షించి, యోగ్యతాపత్రము లిచ్చుటకు ప్రజాధనమును వెచ్చించుట ధర్మమేనా?

మార్కాపురము ప్రాంతమందలి పుల్లలచెరువు వంటి మెట్ట సీమలో కూలికి పోవు తల్లికి అంగన్‌వాడీయే అండ. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమే దీనికి మూలము. దివ్యాంగ శిశువుల కొరకు అంగన్‌వాడీలు అనుసరింపవలసిన విధానమును కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరు 28న విడుదల చేసినది. లోపమును తొలినాళ్లలోనే గుర్తించుట, బిడ్డను తోటివారితో కలుపుట, అవసరమైనచో వైద్యులకడకు పంపుట దాని సారాంశము. విధానము వచ్చినది. అది ప్రతి గ్రామమున నడచుచున్నదో లేదో చూచువా రెవరు?

పాలు, గ్రుడ్లు కొనవలసిన సొమ్మును కాగితములకు వ్యయపరచనేల యని కొందరందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయినను, నడవలేని బిడ్డను అప్పగించి చేనికి పోవు తల్లి ఆ కేంద్రమును తాను పరీక్షింపజాలదు. ఆమె పక్షమున మరియొకరు చూడవలెను. రుసుము గైకొను శిశువిహారములే ఆ పరీక్షా వ్యయమును భరించినచో రుసుము పెరుగును. అప్పుడు ముందుగా వెనుదిరుగునది ఆ తల్లియే. కావున ఖజానా భరించుటయే న్యాయము. అందరి కాయకమున పుట్టిన ధనము అందరి బిడ్డలకు చేరుట దాసోహము గాక మరేమి?

కాని యిందొక అపాయము గలదు. ఆస్ట్రేలియాలో 2012 నుండి జాతీయ ప్రమాణములను బట్టి శిశుకేంద్రములకు శ్రేణుల నిచ్చుచున్నారు. శ్రేణి నిచ్చుట సులభము. శ్రేణికి అందని కేంద్రమును పైకెత్తుట కష్టము. యోగ్యతాపత్రము పొందినవారికే నిధులనినచో, నీరును మరుగుదొడ్డియు లేని కేంద్రము రెంటికిని దూరమగును. కష్టమైన బిడ్డను ఇంటనే విడిచి, తక్కినవారితో మంచి పేరు తెచ్చుకొనువారును ఉండవచ్చును. కావున ముందు వాలుబాట, మరుగుదొడ్డి, కార్యకర్తకు శిక్షణ, పిదపనే పరీక్ష. ఆ పరీక్షయందు మొదటి ప్రశ్న, "వచ్చిన బిడ్డ లెందరు?" అని గాక, "ఊరిలో రాని బిడ్డ యెవరు?" అని యుండవలెను.

బసవేశ్వరుని అనుభవమంటపమున ప్రవేశమునకు కులము గాని, వృత్తి గాని అడ్డు కాలేదు. ప్రభుత్వమును అడుగుటకు ముందు మన మఠముల వాకిట మెట్లెన్ని యున్నవో, వాని నెక్కలేని బిడ్డ లోనికి వచ్చు దారి యేదో చూతము.